కృష్ణమ్మ దగ్గర తీసుకున్నది

కరెంటు తీసేసిన నీళ్లలో ఇంక సారం ఉంటుందా అని నన్ను చాలామంది అడిగారు. లింగాలగట్టు దగ్గర స్నానానికి దిగిన యాత్రికులు అడిగారు, మా నందికొట్కూరు వైపు రైతులు అడిగారు. ఒక పెద్దావిడ చెంబు చేత పట్టుకుని, "ఈ నీళ్లు మల్లన్నకు పోయొచ్చునా నాయనా, మిషన్లో తిరిగొచ్చినాయి గదా?" అంది. శ్రీశైలం కుడిగట్టు విద్యుత్కేంద్రంలో ఆపరేటర్‌గా పనిచేసి రిటైరైనవాణ్ని కనుక నా దగ్గర జవాబు ఉంటుందని వాళ్ల నమ్మకం. చదువుకున్నవాళ్లు ఈ ప్రశ్నను అజ్ఞానమని కొట్టిపారేస్తారు. నాకది అలా అనిపించలేదు. ఒకరి దగ్గర ఏదైనా తీసుకున్నాక వాళ్లకేం తగ్గిందో చూడాలన్న ధర్మచింత అందులో ఉంది. నదిని తల్లి అనే మనం తప్పకుండా అడగవలసిన ప్రశ్నే.

ముందు లెక్క చెబుతాను. శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. దిగువన నాగార్జునసాగర్ పూర్తి మట్టం 590. రెండూ నిండి ఉన్నప్పుడు ఆ తేడా 295 అడుగులు, అంటే సుమారు 90 మీటర్లు. ఆ ఎత్తు నుంచి నాలుగున్నర ఘనపు మీటర్ల నీళ్లు, అంటే నాలుగున్నర వేల లీటర్లు, పెన్‌స్టాక్ గొట్టంలో దిగి టర్బైన్ రన్నర్‌ను తిప్పితే ఒక యూనిట్ కరెంటు వస్తుంది. ఒక టీఎంసీ దిగితే అరవై లక్షల యూనిట్లకు పైగానే. దిగిన నీళ్లు డ్రాఫ్ట్ ట్యూబులోంచి టెయిల్‌రేస్‌లోకి వచ్చి మళ్లీ నదిలో కలుస్తాయి. లోపలికి ఎన్ని వెళ్లాయో బయటికి అన్నీ వస్తాయి. పైరుకు వదిలిన నీళ్లు ఆవిరైపోతాయి, భూమిలోకి ఇంకిపోతాయి. టర్బైన్ నీళ్లను తాగదు. నది తన ఎత్తును మాత్రమే మనకిస్తుంది.

టర్బైన్ లేకపోయినా ఆ ఎత్తు నదికి మిగలదు. వరద వచ్చినప్పుడు గేట్లు ఎత్తితే అంతే ఎత్తు నుంచి అవే నీళ్లు నురగలు కక్కుతూ పడతాయి. చూడడానికి జనం బస్సులు కట్టుకుని వస్తారు. ఆ హోరు, ఆ తుంపర అయిపోయాక ఆ శక్తంతా వేడిగా మారి, నీళ్లు ఒక డిగ్రీలో ఐదో వంతు వెచ్చబడతాయి. అంతే. మేము యంత్రంతో పట్టుకున్నది, లేకుంటే ఆ వెచ్చదనంగా పోయేదే. ఇక ఆ ఎత్తు ఎక్కడిదంటే సూర్యుడిది. సముద్రం మీద నీటిని ఆవిరి చేసి, మేఘంగా లేపి, సహ్యాద్రి మీద మహాబలేశ్వరం దగ్గర సుమారు 1,300 మీటర్ల ఎత్తున కురిపించే పని ఆయన ఏటా చేస్తాడు. మనిషి అదే పని చేయాలంటే ఎంత ఖర్చో ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో తెలుస్తుంది. అక్కడ 150 మెగావాట్ల యంత్రాలు ఆరు ఉన్నాయి. వాటిని వెనక్కి తిప్పి, దిగువ నీళ్లను మళ్లీ శ్రీశైలం జలాశయంలోకి తోడవచ్చు. అలా తోడడానికి పట్టే కరెంటు, ఆ నీళ్లు తిరిగి దిగినప్పుడు వచ్చే కరెంటుకన్నా ఎప్పుడూ ఎక్కువే.

అందుకే ఆ పెద్దావిడకు చెప్పాను: "పోయమ్మా, మల్లన్నకు ఈ నీళ్లే పోయి. వీటిలో ఏమీ తగ్గలేదు." అది నిజం. కానీ ఆ నిజం నీళ్లకే చెందింది, నదికి కాదు. ఈ తేడా నాకు నెమ్మదిగా తెలిసింది.

తెలియడానికి ఒక కారణం మా దిగువనున్న నాగార్జునకొండ. మా టెయిల్‌రేస్ నీళ్లు చేరే జలాశయం అడుగున ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉంది. 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో తవ్వి, దొరికిన వాటిని కొండమీదికి చేర్చారు. ఇప్పుడది ద్వీపం. ఆచార్య నాగార్జునుడికీ ఆ కొండకూ సంప్రదాయం సంబంధం చెబుతుంది. ఏ వస్తువూ తనంతట తాను పుట్టదు, వేరొకదాని నుంచి మాత్రమే పుట్టదు, రెండింటి నుంచీ పుట్టదు, కారణం లేకుండానూ పుట్టదు అని ఆయన వాదం. మొదట చదివినప్పుడు నాకిది మాటల గారడీలా ఉండేది. కంట్రోల్ రూములో కూర్చుని చూస్తే కళ్ల ముందు జరిగే విషయమే అనిపించింది.

కరెంటు ఎక్కడ పుడుతుంది? నీళ్లలో అందామా, గేట్ల మీదుగా లక్షల క్యూసెక్కులు పోయినా ఒక్క యూనిట్ రాదు. అయస్కాంతంలో అందామా, అది ఊరికే ఉంటే ఊరికే ఉంటుంది. రాగి తీగలోనా, అదీ అంతే. అయస్కాంతమూ తీగా ఒకదాని ముందు ఒకటి కదిలితే తీగలో విద్యుత్తు పుడుతుందని 1831లో ఫారడే చూపించాడు. అది కూడా పూర్తి జవాబు కాదు. యంత్రం పూర్తి వేగంతో తిరుగుతున్నా, బ్రేకర్ తెరిచి ఉండి గ్రిడ్డుకు కలపకపోతే, దానిలోంచి బయటికి పోయే కరెంటు లేదు. అప్పుడు దాని గుండా పోయే నీళ్లూ కొంచెమే. గ్రిడ్డుకు కలిపిన తరువాతే అసలు కథ. సాయంత్రం ఆరున్నర దాటితే కర్నూల్లోనో కరీంనగర్‌లోనో ఒక ఇల్లాలు లైటు వేస్తుంది, ఒక కుర్రాడు ఫ్యాను వేస్తాడు. ఆ బరువుకు ఎక్కడెక్కడి రోటర్లూ ఇసుమంత నెమ్మదిస్తాయి. ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ నుంచి రవ్వంత జారుతుంది. గవర్నర్ అనే పరికరం దాన్ని కనిపెట్టి, నీళ్లు వదిలే గైడ్ వేన్లను కాస్త తెరుస్తుంది. ఇంకొన్ని నీళ్లు పడతాయి. అంతలో లోడ్ డిస్పాచ్ నుంచి ఫోను వస్తుంది, ఇంకో యంత్రం నడపమని. బొగ్గు కేంద్రం రాజుకోవడానికి గంటలు పడుతుంది. మాది నిమిషాల పని.

అంటే మీరు స్విచ్ వేసినప్పుడు ఎప్పుడో తయారు చేసి దాచిన కరెంటు మీకు రాదు. ఆ క్షణంలో మీ కోసం ఎక్కడో నీళ్లు పడాలి, లేదా బొగ్గు కాలాలి. నది, సూర్యుడు, అయస్కాంతం, రాగి, నేను, వీటన్నిటితో పాటు మీ వేలు కూడా ఆ కరెంటు పుట్టుకకు కారణం. నాగార్జునుడి మాటకు ఇంతకన్నా సూటి ఉదాహరణ నాకు తెలియదు. వాడుకునేవాడు ఈ గొలుసుకు బయట నిలబడలేడు. బయట లేనివాడికి బాధ్యతా తప్పదు.

భగవద్గీత మూడో అధ్యాయంలో ఈ బాధ్యత గురించే చెబుతుంది. ప్రాణులు అన్నం వల్ల, అన్నం వాన వల్ల, వాన యజ్ఞం వల్ల, యజ్ఞం కర్మ వల్ల కలుగుతాయని ఒక చక్రాన్ని వర్ణిస్తూ, దేవతలు ఇచ్చినవి అనుభవించి తిరిగి ఏమీ ఇవ్వనివాణ్ని దొంగ అంటాడు కృష్ణుడు. మెత్తగా చెప్పలేదు, దొంగ అనే అన్నాడు. తీసుకోవడం తప్పని మాత్రం ఎక్కడా అనలేదు. ఆ అధ్యాయంలో నాకు ఊరట కలిగించేది అదే, భయం కలిగించేది కూడా అదే.

నది దేవత అయితే ఆమె చేత పని చేయించుకోవచ్చా అన్న ప్రశ్నకు మన రైతు ఎప్పుడో జవాబు చెప్పాడు. ఏరువాక పున్నమినాడు ఎద్దు కొమ్ములకు రంగు వేసి, బొట్టుపెట్టి, పూజ చేసి, ఆ ఎద్దుతోనే దున్నుతాడు. పూజకూ పనికీ అక్కడ వైరం లేదు. ఎందుకంటే రాత్రికి ఆ ఎద్దు ముందు మేత వేస్తాడు, జబ్బు చేస్తే నిద్ర మానేస్తాడు. జలాశయం నిండినప్పుడు మన ముఖ్యమంత్రులు, మంత్రులు వచ్చి కృష్ణమ్మకు జలహారతి ఇస్తారు, పసుపు కుంకుమలు, చీర సమర్పిస్తారు. మంచి ఆచారం, నేనూ చేతులు జోడించి నిలబడ్డాను. అయితే హారతి పూజలో భాగం. మేత సంగతి ఇంకా మిగిలే ఉంది.

నదికి ఏం తగ్గిందో ఇప్పుడు నిజంగా చూద్దాం. శ్రీశైలం కట్టినప్పుడు 885 అడుగుల దగ్గర 308 టీఎంసీలు పట్టేది. ఇవాళ లెక్కలో చూపేది 215 టీఎంసీలు. మిగతా చోటంతా ఒండ్రు. ఆ మట్టి మహారాష్ట్ర, కర్ణాటక నేలల నుంచి నది మోసుకొచ్చినది, దిగువన దివిసీమ దాకా పరవవలసినది. అదిప్పుడు కట్ట వెనక పేరుకుని ఉంది. టర్బైన్ ఎత్తును మాత్రమే తీసుకుంటుంది, కానీ ఎత్తును ఒకచోట నిలబెట్టడానికి కట్టిన ఆనకట్ట ఇంకా చాలా తీసుకుంటుంది. చేప ఎగువకు పోయే దారిని తీసుకుంటుంది. నదిలో వరదకూ ఎండకూ ఉండే వరసను తీసుకుంటుంది.

గంగ విషయంలో ఈ మాటను ప్రాణం పెట్టి చెప్పినవారు జి.డి. అగర్వాల్. కాన్పూర్ ఐఐటీలో ఆచార్యుడిగా పనిచేసిన ఇంజనీరు ఆయన, తరువాత సన్యసించి స్వామి జ్ఞానస్వరూప్ సానంద్ అయ్యారు. భాగీరథి మీద 600 మెగావాట్ల లోహారీనాగ్ పాలా ప్రాజెక్టు పని మొదలయ్యాక 2010లో రద్దయిందంటే అందులో ఆయన నిరాహారదీక్షల పాత్ర పెద్దది. గంగ ఆగకుండా పారాలని కోరుతూ చివరి దీక్షలో 2018 అక్టోబరు 11న మరణించారు. అదే నెలలో కేంద్రం గంగ ఎగువ భాగంలో ప్రాజెక్టుల దగ్గర కాలాన్ని బట్టి 20 నుంచి 30 శాతం నీళ్లు నదిలోనే వదలాలని ఉత్తర్వు ఇచ్చింది. నేను జీవితమంతా జలవిద్యుత్తులో బతికినవాణ్ని, నదిని ఎక్కడా ఆపకూడదన్న ఆయన మాటతో పూర్తిగా ఏకీభవించలేను. ఆపకుండా ఉంటే మా రాయలసీమ పల్లెల్లో దీపం ఎలా వెలిగేదో నాకు తెలియదు. కానీ నదిని సొరంగంలోకి మళ్లించి, కిలోమీటర్ల కొద్దీ ఇసుకా బండలూ మిగిల్చి, దాన్ని ఇంకా గంగ అని పిలవడం కుదరదని ఆయన అన్నది నేను ఒప్పుకుంటాను. ఆ ఇంజనీరు ముందు తల వంచుతాను.

ఒప్పుకోలేనిది ఇంకొక మాట. 2013 జూన్‌లో అలకనంద మీద జలవిద్యుత్ ప్రాజెక్టు కోసం ధారీదేవి విగ్రహాన్ని ఉన్నచోటు నుంచి కదిపారు, ఆ వెంటనే కేదారనాథ్ వరదలు వచ్చాయి. అమ్మవారి కోపమే కారణమని చాలామంది నమ్మారు. 2009 అక్టోబరులో శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చి, మట్టం 896 అడుగులు దాటి, కర్నూలు నగరం, మంత్రాలయం మునిగినప్పుడూ కృష్ణమ్మ కోపగించిందనే అన్నారు. నది కోపంతో పసిపిల్లలను చంపుతుందని నేను నమ్మను. ఆ నమ్మకంతో పెద్ద చిక్కు ఉంది. కోపం అనుకుంటే శాంతి చేయించి ఇంటికి పోవచ్చు. బాకీ అనుకుంటే లెక్క చూసి తీర్చాలి. బాకీ మనుషులకు ఉంది.

మా ఊరు సంగమేశ్వరానికి దగ్గర. తుంగ, భద్ర, కృష్ణ, వేణి, భీమరథి, మలాపహారిణి, భవనాశి అని ఏడు నదులు కలిసే చోటుగా మా పెద్దలు చెప్పుకునే క్షేత్రం అది. గుడిలో శివుడు వేపమొద్దు లింగం. ధర్మరాజు ప్రతిష్ఠ అంటారు. 1981 నుంచి ఆ గుడి ఏటా జలాశయంలో మునుగుతుంది. మట్టం 840 అడుగుల దరిదాపుకు దిగిన వేసవిలో తేలుతుంది. నీళ్లు చుట్టుముట్టే రోజుల్లో కూడా పూజారి నడుములోతు దాకా నిలబడి అర్చన చేసి, ఆ తరువాత పడవలో వచ్చి శిఖరానికి హారతి ఇవ్వడం మా వైపు అందరూ చూసిందే. అంత పాత కొయ్య ఏటా నెలల తరబడి నీళ్లలో నానుతూ నిలిచి ఉందంటే చేతులు వాటంతట అవే జోడవుతాయి.

సంగమేశ్వరుడి పేరుతోనే ఇంకో గుడి తుంగభద్ర, కృష్ణ కలిసే కూడవెల్లి దగ్గర ఉండేది. బాదామి చాళుక్యుల కాలంనాటిది. దాన్ని మునగనివ్వలేదు. రాయి రాయీ విప్పి అలంపురానికి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. పాపనాశి గుళ్లనూ అలాగే తరలించారు. పురావస్తువాళ్లు చేసిన గొప్ప పని అది, ఇవాళ వెళ్లి చూస్తే కదిపినట్టే తెలియదు. మా జేజిని ఒకసారి అక్కడికి తీసుకుపోయినప్పుడు ఆమె గోడల చుట్టూ తిరిగి, దణ్ణం పెట్టుకుని, మెట్ల మీద కూర్చుంది. "దేవుని ఇంటి రాళ్లకు నంబర్లేసి పెట్టినారు గదరా. మన ఇంటి రాళ్లకు ఎవరేసినారు?" అని అడిగింది. గీత చదివిన ఏ పండితుడూ నన్ను అంత కష్టమైన ప్రశ్న అడగలేదు.

అప్పటి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సుమారు వంద ఊళ్లు, లక్షమందికి పైగా జనం ఆ జలాశయం కింద ఇల్లూ పొలమూ వదులుకున్నారు. 1981 వేసవిలో నీళ్లు రాకముందే ఇళ్లు కూల్చేశారు. ఊరివాళ్లు తలోదిక్కూ పోయారు. ఒకే వీధిలో పుట్టినవాళ్లు పెళ్లిళ్లకూ చావులకూ కలుసుకోవడమే మిగిలింది. ముంపు కుటుంబానికి ఒక ఉద్యోగం ఇవ్వాలని 1986లో జీవో 98 వచ్చింది. దాని కింద ఉద్యోగం కోసం ధర్నాలు చేస్తూ తలలు నెరిసినవాళ్లు, కొడుకులకు ఆ ఆశను వారసత్వంగా ఇచ్చినవాళ్లు ఉన్నారు. ఆ బాకీలోకి మా సహోద్యోగులూ వస్తారు. 2020 ఆగస్టు 20 రాత్రి ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో మంటలు లేచినప్పుడు తొమ్మిదిమంది ఆ పొగలోనే చనిపోయారు.

ఇదంతా చెప్పి నేను కరెంటు వద్దనడం లేదు. నది మనకు ఎత్తును ఇస్తుంది, సూర్యుడు ఆ ఎత్తును ఏటా తిరిగి నింపుతాడు. ఆ లావాదేవీలో పాపం లేదని నా నమ్మకం. పాపం ఉన్నది, ఆ ఎత్తును నిలబెట్టడానికి ఎవరి నేల పోయిందో వాళ్లకు తిరిగి ఏమీ అందకుండా దీపం కింద కూర్చోవడంలో. శ్రీశైలం నీటిలో ఎవరి వాటా ఎంత, ఎవరు ఏ మట్టం దాకా యంత్రం నడపవచ్చు అని రెండు రాష్ట్రాలూ వాదించుకుంటున్నాయి. వాదించుకోనీ, అది వాటి హక్కు. కానీ జలాశయం అడుగున ఉన్న ఊళ్ల బాకీలో ఎవరి వాటా ఎంత అని ఎవరూ పోట్లాడుకోవడం నేను వినలేదు.

దారి కొత్తగా వెతకనక్కరలేదు. 2008 నాటి జాతీయ జలవిద్యుత్ విధానం, కొత్త ప్రాజెక్టుల వల్ల నష్టపోయిన ప్రతి కుటుంబానికి పదేళ్లపాటు నెలకు 100 యూనిట్ల కరెంటు ఇవ్వాలని చెప్పింది. మావాళ్లు 1981లోనే కదిలారు కాబట్టి అది వాళ్లకు అందలేదు. ఇరవై వేల కుటుంబాలు అనుకుని లెక్క వేసినా ఏడాదికి రెండు కోట్ల నలభై లక్షల యూనిట్లు. నాలుగు టీఎంసీల నీళ్లు ఒక్కసారి యంత్రాల గుండా దిగితే వచ్చే కరెంటు అది. మంచి వరద వచ్చిన ఏడు శ్రీశైలానికి వెయ్యి టీఎంసీలకు పైగా నీళ్లు వస్తాయి. కుడిగట్టు ఆంధ్రప్రదేశ్‌ది, ఎడమగట్టు తెలంగాణది. చెరి రెండు టీఎంసీల కరెంటు ఆ కుటుంబాలకు, పదేళ్లు కాదు, యంత్రాలు తిరిగినంత కాలం ఇవ్వాలని రెండు ప్రభుత్వాలనూ కోరుతున్నాను.